మస్టర్ రోలు చదివిన మహాత్ముడు: కంట్రాక్టరు జోతిరావు ఫూలే

పుణె నడిబొడ్డున పాత కూరగాయల మార్కెట్టు ఒకటుంది. 1886లో దాన్ని తెరిచినప్పుడు అప్పటి బొంబాయి గవర్నరు లార్డ్ రే పేరు పెట్టారు. ఇప్పుడు దాని పేరు మహాత్మా ఫూలే మండయి. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతూ వంకాయలూ మెంతికూరా కొనుక్కుని వెళ్తారు. కానీ ఆ మార్కెట్టు కట్టాలన్న ఆలోచననే ఫూలే వ్యతిరేకించారన్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసు? పేదల పిల్లలకు బడి లేని ఊళ్లో అంత సొమ్ము గోడల మీద పోయడం తప్పని ఆయన వాదించారు. వద్దన్న కట్టడానికి ఆయన పేరు దక్కింది. అదే నగరం చుట్టూ ఆయన రాయీ సున్నమూ అందించిన కట్టడాలున్నాయి, కూలీలను పెట్టి పని చేయించిన కట్టడాలున్నాయి. వాటి మీద ఆయన పేరు ఎక్కడా లేదు.

ఏటా ఏప్రిల్ 11న, నవంబరు 28న మనం ఫూలేకు దండలు వేస్తాం. ఆడపిల్లల బడి గురించి చెప్పుకుంటాం, గులాంగిరీ గురించి చెప్పుకుంటాం, సత్యశోధక్ సమాజ్ గురించి చెప్పుకుంటాం. ఆయన కంట్రాక్టరు అన్న మాట మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. మాకు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగాలనిపించింది. దేశానికి ఆనకట్టలూ సొరంగాలూ జైళ్లూ కట్టిన చేతులు మన చేతులు. ఆ పనిలో కులం ఎక్కడ కూర్చుని ఎలా తింటుందో లోపలి నుంచి చూసి, చూసింది రాసిన తొలి మనుషుల్లో ఫూలే ఒకరు. ఆయన ఆలోచనను బడిలోనూ పుస్తకంలోనూ వెతికినట్టే పని స్థలంలో కూడా వెతకాలి.

పూలమ్మిన ఇల్లు

ఫూలేల అసలు ఇంటిపేరు గోర్హే. వాళ్లది సాతారా ప్రాంతంలోని కట్‌గుణ్ అనే ఊరు. అక్కడి బ్రాహ్మణ కులకర్ణితో గొడవపడి పూర్వీకులు ఊరు విడిచారన్నది ఆ ఇంట్లో చెప్పుకున్న కథ. చివరికి పూనా చేరి, పీష్వాల కొలువుకు పూలు అందించడంతో ఇంటిపేరు ఫూలే అయింది. కులం మాలీ. అంటే తోటపని చేసే శూద్రకులం. జోతిరావు 1827లో పుట్టారు. ఏడాది నిండేలోపే తల్లి చిమనాబాయి చనిపోయింది. తండ్రి గోవిందరావుకు బంధువైన సగుణాబాయి పిల్లవాణ్ని పెంచింది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె ఒక మిషనరీ ఇంట్లో పనిచేసేది. చదువు విలువ ఆ ఇంటికి మొదట తెచ్చింది ఆమే.

మాలీ పిల్లవాడికి చదువెందుకని చుట్టుపక్కలవాళ్లు నూరిపోస్తే తండ్రి కొడుకును బడి మాన్పించి తోటపనిలో పెట్టారు. అప్పుడు పొరుగున ఉన్న గఫార్ బేగ్ మున్షీ, లెజిట్ అనే దొర కలిసి గోవిందరావుకు నచ్చజెప్పారు. 1841లో జోతిరావు స్కాటిష్ మిషన్ బడిలో చేరారు. ఏడాది ముందే, 1840లో, నాయగావ్‌కు చెందిన సావిత్రిబాయితో పెళ్లయింది. ఆయనకు పదమూడు, ఆమెకు తొమ్మిది.

1848లో ఒక బ్రాహ్మణ స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో నడుస్తుంటే, శూద్రుడివి మాతో సమానంగా నడుస్తావా అని వరుని బంధువులు అవమానించారు. ఆ ఏడాదే బుధవార్ పేఠ్‌లోని భిడే వాడాలో ఆడపిల్లల బడి మొదలైంది. అంతకుముందు అక్షరం తెలియని సావిత్రిబాయి భర్త దగ్గర చదువుకుని, అక్కడ పంతులమ్మ అయింది. వీధిలో ఆమె మీద పేడ, మట్టి విసిరారు. మహర్, మాంగ్ పిల్లలకు కూడా ఆ దంపతులు బడులు పెట్టారు. కులపెద్దల ఒత్తిడికి తలొగ్గి గోవిందరావు 1849లో కొడుకునూ కోడల్నీ ఇంట్లోంచి పంపేశారు. ఉస్మాన్ షేక్ ఇల్లు వాళ్లకు నీడనిచ్చింది. ఫాతిమా షేక్ సావిత్రిబాయికి తోడు పంతులమ్మ అయింది.

1852 నవంబరులో విశ్రాంబాగ్ వాడాలో ప్రభుత్వం ఆయనకు శాలువా కప్పి సత్కరించింది. శాలువా గౌరవం తెచ్చింది గానీ ఇల్లు గడవడానికి పనికిరాలేదు. బడుల ఖర్చుకు చందాలు కావాలి, చందాలకు కమిటీలు కావాలి, కమిటీల్లో పెద్దమనుషులు కూర్చుంటారు. ఏ కులానికి ఎంత చదువు చెప్పాలన్న దగ్గర వాళ్లకూ ఆయనకూ తేడాలొచ్చాయి. ఒకరి దయ మీద నడిచే సంస్థ చివరికి ఆ దయ చూపినవాడి మాటే వింటుంది. ఫూలే ఆ పాఠం యవ్వనంలోనే నేర్చుకున్నారు. సర్కారీ కొలువు కోసం ఆయన వెంటపడలేదు. పూలు, కూరగాయలు, సేద్యం, ఆ తర్వాత కంట్రాక్టు. తన కూడు తను సంపాదించుకున్నారు.

కట్టడాల ఊరు

ఫూలే యవ్వనంలో పూనా ఎలా ఉండేదో ఒకసారి చూడాలి. 1818లో పీష్వాల పాలన పోయింది. పాత ఊరి పక్కన దండు ప్రాంతం లేచింది. 1863లో బోర్ ఘాట్ రైలు దారి పూర్తి కావడంతో బొంబాయి, పూనా దగ్గరయ్యాయి. ఆ పదేళ్లలో పూనా అంతా కట్టడాలే. ఆసుపత్రి, కాలేజీ, గవర్నరు బంగళా, వంతెన, జైలు, ఆనకట్ట. నల్లరాతి కొండల్ని పగలగొట్టి బళ్ల మీద తోలుతున్నారు, బట్టీల్లో సున్నం కాలుతోంది. కరువు ఊళ్ల నుంచి కునబీలు, మహర్లు, మాంగులు పని వెతుక్కుంటూ వస్తున్నారు.

ఇన్ని పనులకూ డబ్బు కదిలేది ప్రభుత్వ పనుల శాఖ చేతుల మీదుగా. పైన ఇంగ్లీషు ఇంజనీరు ఉంటాడు. అతనికి మరాఠీ సరిగా రాదు, కూలీ ముఖం తెలియదు. కింద రాయి మోసే మనిషికి అక్షరం రాదు. ఈ ఇద్దరి మధ్య కొలతలు రాసేవాడు, హాజరు వేసేవాడు, బిల్లు పాస్ చేయించేవాడు ఉంటాడు. ఆ కుర్చీలో కూర్చున్నది దాదాపు ఎప్పుడూ బ్రాహ్మణుడే. పీష్వాల కాలంలో కులకర్ణి చేతిలో ఉన్న కలమే కంపెనీ కాలంలో గుమస్తా చేతికొచ్చింది.

1863లో ఫూలే లోహపు పోతపనికి కావలసిన సామాను అమ్మే వ్యాపారం పెట్టారు. ఆ తర్వాత కట్టడాల కంట్రాక్టులు చేశారు. పూనా దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టకు 1870లలో రాయి, సున్నం వంటి సామాను అందించారు. సాతారా దారిలో కాత్రజ్ కొండ సొరంగానికి కూలీలను పెట్టారు. ఎరవాడ జైలు కట్టడానికి కూడా కూలీలను కుదిర్చారు. పూనా కమర్షియల్ అండ్ కంట్రాక్టింగ్ కంపెనీ పేరుతో సాగిన వ్యాపారంలో ఆయన భాగస్వామి.

కాత్రజ్ సొరంగం అవతల దారి సాతారాకు పోతుంది. పూర్వీకులు వదిలేసి వచ్చిన నేల అటువైపే ఉంది. కులకర్ణికి భయపడి ఇల్లు విడిచిన వాళ్ల మునిమనవడు ఆ కొండనే తొలిపించే పనికి కూలీలను పెట్టాడు. మేం ఇందులో కవిత్వం వెతకడం లేదు. మూడు తరాల్లో ఒక శూద్ర కుటుంబం ఎంత దూరం నడిచిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి గుర్తు మాకు దొరకలేదు.

ఎరవాడ జైలు సంగతి ఇంకొకటి. 1932 సెప్టెంబరు 24న ఆ జైలు గోడల మధ్యే పూనా ఒడంబడిక మీద బాబాసాహెబ్ అంబేద్కర్ సంతకం చేయాల్సి వచ్చింది. దళితుల ప్రత్యేక నియోజకవర్గాలు ఆ రోజే పోయాయి. ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టింది కూడా సెప్టెంబరు 24నే, 1873లో. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. కానీ ఆ గోడల రాళ్లు మోసిన కులాల బిడ్డల రాజకీయ హక్కును ఆ గోడల లోపలే గాంధీ నిరాహారదీక్ష ముందు బేరం పెట్టారన్నది యాదృచ్ఛికం కాదు. కట్టేది ఒకరు, లోపల కూర్చుని నిర్ణయించేది మరొకరు. ఈ దేశంలో చాలా కట్టడాల కథ ఇదే.

హాజరు పట్టీలో కులం

పని స్థలంలో దోపిడీకి కత్తి అక్కర్లేదు, కలం చాలు. రాని కూలీకి హాజరు వేయవచ్చు, వచ్చిన కూలీకి అరపూట కోయవచ్చు. కంకర గుట్టను తక్కువ కొలిచి మిగిలింది ఇంకొకరి పేర రాసుకోవచ్చు. బిల్లు మీద సంతకం ఆలస్యం చేస్తే కంట్రాక్టరే వచ్చి చెయ్యి తడుపుతాడు. ఆ తడిపిన డబ్బు కంట్రాక్టరు తన జేబులోంచి పెట్టుకోడు, కూలీ మీదే రాబడతాడు. చదువు రాని మనిషి వేలిముద్ర వేసి, చేతిలో పెట్టింది తీసుకుని వెళ్తాడు. తను మోసపోయానని తెలిసినా ఎంత మోసపోయాడో లెక్క చెప్పలేడు.

ఇదంతా ఫూలే పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. బిల్లుల కోసం ఆ కుర్చీల ముందు నిలబడి తెలుసుకున్నారు. ఆయన రచనల్లో ఇంజనీరింగు శాఖ గుమస్తాలు, కచేరీ కారకూన్లు, కులకర్ణులు పదే పదే రావడానికి కారణం అదే. వేరే సంస్కర్తలు బ్రాహ్మణ్యం అంటే పూజ, మడి, విధవల బోడిగుండు అనుకున్నారు. ఫూలే వాటిని వదల్లేదు. కానీ బ్రాహ్మణ్యం అంటే లెక్కల పుస్తకం మీద గుత్తాధిపత్యం అని కూడా పట్టుకున్నారు. గుడిలో దేవుడి పేర తీసుకునేవాడూ కచేరీలో దొర పేర తీసుకునేవాడూ ఒకే ఇంటి మనుషులని ఆయన చూపించారు. 1869లో వచ్చిన బ్రాహ్మణాంచే కసబ్, 1873లో వచ్చిన గులాంగిరీ ఈ కాలపు రచనలే. కంట్రాక్టు పనుల దుమ్ము ఒంటి మీద ఉండగానే ఆయన ఇవి రాశారు. నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు గులాంగిరీని అంకితమిచ్చారు. బానిసత్వం అనే మాటను ఆయన అలంకారంగా వాడలేదు. శ్రమ ఒకరిది, దాని లెక్క మరొకరిది అయిన చోట ఆ మాట ఎంత సరిగ్గా సరిపోతుందో ఆయనకు తెలుసు.

అందుకే చదువు గురించి ఆయన అడిగిన తీరు వేరు. 1882 అక్టోబరులో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ఆయన తనను వర్తకుడిగా, రైతుగా, మునిసిపాలిటీ సభ్యుడిగా పరిచయం చేసుకున్నారు. ఖజానా నిండేది రైతుకూలీల చెమటతో, ఆ ఖజానా ఖర్చయ్యేది పైకులాల పిల్లల కాలేజీల మీద అని నిలదీశారు. పైవాళ్లకు చదువు చెబితే అది తనంతట తాను కిందికి దిగుతుందన్న సర్కారు సిద్ధాంతాన్ని కొట్టిపారేశారు. పన్నెండేళ్ల దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని, పంతుళ్లు సేద్యం చేసే కులాల నుంచి రావాలని కోరారు. హాజరు పట్టీలో తన పేరు ముందు ఎన్ని పూటలు రాశారో కూలీ తనే చదువుకోగలగాలి. ఫూలే దృష్టిలో అక్షరం అంటే ముందుగా అది.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటేయడం మాకిష్టం లేదు. కంట్రాక్టరు అంటే కూలీకీ సర్కారుకీ మధ్య నిలబడి లాభం తీసుకునే మనిషే కదా? ఔను. ఫూలే ఆ వరసకు బయట లేరు. ఆ సొమ్ము కూలీల శ్రమ నుంచి వచ్చిందే. ఆయన్ను దేవుణ్ని చేస్తే ఈ ప్రశ్న మాయమవుతుంది, మనిషిగా చూస్తే నిలబడుతుంది. మేం చెప్పగలిగింది ఒకటే. ఆ సంపాదన బంగళాగా మారలేదు, వడ్డీ వ్యాపారంగా మారలేదు. బడులకు, పుస్తకాల అచ్చుకు, దిక్కులేని ఆడవాళ్ల పురుళ్లకు పోయింది. తను చూసిన దోపిడీ గురించి, ఆ పనుల మీదే బతుకుతూ, ఆ శాఖకే తగిలేలా రాశారు. బిల్లులు ఆగుతాయని కలం ఆపలేదు.

కూలికొచ్చిన హంతకులు

1856లో ఒక రాత్రి ఇద్దరు మనుషులు కత్తులతో ఫూలే ఇంట్లో దూరారు. ఒకడు రోడే, రామోషీ కులం. రెండోవాడు ధోండిరామ్ నామ్‌దేవ్, కుమ్మరి. ఎందుకొచ్చారని అడిగితే, చంపితే డబ్బిస్తామని చెప్పి కొందరు పంపారన్నారు. వాళ్లకు ఆయనతో పగలేదు, పేదరికమే పంపింది. నా చావు మీ ఇంటికి కూడు పెడితే కానివ్వండని ఆయన మెడ వంచారంటారు. ఆ ఇద్దరూ ఆయన మనుషులైపోయారు. ధోండిరామ్ చదువుకుని సత్యశోధక్ సమాజ్‌లో పండితుడయ్యాడు. పేద శూద్రుడి చేతిలో కూలి పెట్టి, ఇంకో శూద్రుడి మీదికి కత్తి పంపే పద్ధతి మనకు కొత్తేం కాదు. ఇప్పటికీ ఊళ్లలో అదే నడుస్తోంది.

నీళ్లు ఎవరివి

1868లో ఫూలే తన ఇంటి నీళ్ల హౌజును అంటరానివాళ్లందరికీ తెరిచారు. పూనాలో మహర్, మాంగులు ఊరి నీళ్లు ముట్టుకోలేని రోజులవి. మహాడ్ చెరువు సత్యాగ్రహానికి దాదాపు అరవయ్యేళ్ల ముందు. ఆనకట్టకు రాయి తోలిన మనిషి ఆయన. నదిని ఆపి దండు ప్రాంతానికి నీళ్లు తేవడం దొరలకు కష్టం కాలేదు. గజం దూరంలో ఉన్న తొట్టి దగ్గరికి మహర్ స్త్రీని రానివ్వడం ఊరికి కష్టమైంది. నీళ్లు అందకపోవడానికి కారణం ఎప్పుడూ నీటి కొరత కాదని ఫూలే ఇంటి ముందే తేలిపోయింది.

పూనాకు తూర్పున మంజరిలో ఆయనకు 60 ఎకరాల పొలం ఉండేది. అంటే నీళ్లను ఆయన రెండు వైపుల నుంచీ చూశారు. కట్టేవాడిగా, పారించుకునేవాడిగా. 1883 నాటికి పూర్తి చేసిన షెత్కర్యాచా ఆసూడ్, అంటే సేద్యగాడి చర్నాకోల, ఈ రెండు చూపులూ కలిసిన పుస్తకం. కాలువ అధికారులు పన్ను ముక్కుపిండి వసూలు చేసి, పైరుకు నీళ్లు కావాల్సిన వేళ మొహం చాటేస్తారని అందులో నిలదీశారు. ప్రతి రైతుకూ కొలత ప్రకారం నీళ్లిచ్చేలా తూములు పెట్టమన్నారు. వాన నీటితో కొండ మన్ను కొట్టుకుపోకుండా గట్లు కట్టమన్నారు. ఊరికే తిని కూర్చునే సైనికుల్నీ పోలీసుల్నీ ఆ పనికి పెట్టమన్నారు. భూగర్భ జలాలు వెతికే మనుషుల్ని ప్రోత్సహించమన్నారు. కాటన్ ఆనకట్టలను తలుచుకునే మన గోదావరి, కృష్ణా రైతులు ఫూలేను కూడా ఒక నీటి మనిషిగా చదవాలి. కట్ట ఎంత ఎత్తు అన్న ప్రశ్నతో పాటు, కాలువ చివరి పొలం ఎవరిది అన్న ప్రశ్న వేసిన మనిషి ఆయన.

1876 నుంచి కొన్నేళ్లు ఆయన పూనా మునిసిపాలిటీ సభ్యుడు. వైస్రాయి లార్డ్ లిట్టన్ రాక సందర్భంగా ఊరిని అలంకరించడానికి వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టాలని తీర్మానం వస్తే వ్యతిరేకించింది ఆయన ఒక్కరే. ఆ సొమ్ము చదువు మీద పెట్టమన్నారు. సారా దుకాణాలు పెరగడాన్ని కూడా తప్పుపట్టారు. 1877 కరువులో సాతారా దారిలోని ధనకవడిలో పిల్లల కోసం ఆకలి శిబిరం నడిచింది. సొరంగానికి కూలీలు నడిచిన దారినే ఇప్పుడు ఆకలితో ఉన్న పిల్లలు వచ్చారు. ఫూలే దంపతులూ సమాజ్ కార్యకర్తలూ వాళ్లకు అన్నం పెట్టారు.

బొంబాయిలో మనవాళ్లు

ఫూలే కథలో తెలుగువాళ్లున్నారు. బొంబాయిలో ఆ కాలంలో కట్టడాల పని చేసేందుకు నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగువాళ్లను కామాఠీలు అనేవారు. కామాఠీపురా అన్న పేరు వాళ్ల వల్లే వచ్చింది. రాయి మోసేవాళ్లుగా వెళ్లినవాళ్లలో కొందరు మేస్త్రీలయ్యారు, ఇంకొందరు పెద్ద కంట్రాక్టర్లయ్యారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటి తెలుగు మూలాలున్న పెద్దలు బొంబాయిలో సత్యశోధక్ సమాజ్‌కు అండగా నిలిచారు. సమాజ్ ఖర్చుకు, పుస్తకాల అచ్చుకు వాళ్ల చేయూత ఉంది. మహారాష్ట్ర ఉద్యమమని మనం అనుకునే దానికి పునాదిలో తెలుగు కూలి చెమట కూడా కలిసింది. పాలమూరు నుంచి బొంబాయికి బస్సెక్కే మనిషికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత మనదే.

సమాజ్‌లో పెరిగిన నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను సంఘంగా కూడగట్టారు. ఆదివారం సెలవు కోసం పోరాడి 1890లో సాధించారు. వారానికి ఒక రోజు మనదని అనుకుంటున్నామంటే అందులో సత్యశోధకుల పాలు ఉంది. పూనా పని స్థలాల్లో ఫూలే చూసింది బొంబాయి మిల్లుల్లో లోఖండే చేతిలో సంఘమైంది.

తవ్వి పెట్టుకున్న గుంత

1888 మార్చిలో విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కన్నాట్ గౌరవార్థం పూనాలో ఒక విందు జరిగింది. పెద్దలంతా నగలూ పట్టుబట్టలతో వచ్చారు. ఫూలే రైతు వేషంలో వెళ్లారు. మొలకు చిన్న బట్ట, చిరుగుల తలపాగా. ఇక్కడ మెరుస్తున్నవాళ్లను చూసి ఇదే దేశమనుకోవద్దని, ఊళ్లలో ఉన్నవాళ్లను చూడమని, రాణికి ఆ సంగతి చెప్పమని అతిథికి నిర్మొహమాటంగా చెప్పారు. ఆ ఏడాది మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో జనం ఆయన్ను మహాత్మా అన్నారు. ఆ బిరుదు దర్బారు ఇచ్చింది కాదు, కూలీలూ కామాఠీలూ రైతులూ చిన్న వర్తకులూ కలిసి ఇచ్చింది.

కొద్ది నెలలకే పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని సార్వజనిక్ సత్యధర్మ పుస్తక్ పూర్తి చేశారు. అది ఆయన పోయాక 1891లో అచ్చయింది. అప్పటికి చేతిలో డబ్బు లేదు. లక్షల పనులు నడిచిన ఊళ్లో కంట్రాక్టులు చేసిన మనిషికి వైద్యం ఖర్చు భారమైంది. ఆయన ఇంటికి సాయం చేయమని మిత్రులు బరోడా మహారాజుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ సంపాదన ఎటు పోయిందని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

తనను కాల్చవద్దని, ఉప్పు వేసి పాతిపెట్టమని ఆయన కోరిక. అందుకోసం ఇంటి వెనక గుంత కూడా తవ్వించి పెట్టుకున్నారు. 1890 నవంబరు 28న ఆయన కన్నుమూశారు. నివాస ప్రాంతంలో పాతిపెట్టడానికి మునిసిపాలిటీ అనుమతి ఇవ్వలేదు. ఒకప్పుడు ఆయన సభ్యుడిగా కూర్చున్న మునిసిపాలిటీయే అది. ఒప్పుకోక దహనం చేశారు. దత్తపుత్రుడు యశ్వంత్ తలకొరివి హక్కు మీద బంధువులు పేచీ పెడితే, సావిత్రిబాయి ముందుకొచ్చి నిప్పుకుండ తనే పట్టుకుని నడిచింది. యశ్వంత్ ఒక బ్రాహ్మణ వితంతువు కడుపున, ఫూలేలు నడిపిన ప్రసూతి గృహంలో పుట్టిన బిడ్డ. ఆయన అస్థికలను ఆ తర్వాత ఇంటి వెనక అదే చోట పెట్టారు. 1897 ప్లేగులో రోగుల్ని మోస్తూ సావిత్రిబాయి కూడా వెళ్లిపోయింది.

1946లో అంబేద్కర్ శూద్రులెవరు అన్న తన పుస్తకాన్ని ఫూలేకు అంకితమిచ్చారు. బుద్ధుడు, కబీరు, ఫూలే తన ముగ్గురు గురువులన్నారు. తొలి ఆడపిల్లల బడి నడిచిన భిడే వాడా మాత్రం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, కూలిపోయే దశకు చేరి, చివరికి 2023లో స్మారకం కోసం నేలమట్టమైంది. మనవాళ్ల కట్టడాలకు ఈ దేశం ఇచ్చే ఆయుష్షు అంత.

ఇప్పుడు హైదరాబాదు చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర పొద్దున్నే అడ్డా మీద నిలబడేది ఎవరు? పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మన కులాల మనుషులే. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఏడాదంతా కట్టుబడేదీ వాళ్లే. పరంజా మీంచి పడి చనిపోతే హాజరు పట్టీలో పేరు లేదని చేతులు దులిపేసుకునేదీ వాళ్ల విషయంలోనే. ఫూలే జయంతి రోజు మనం దండ వేసి ఇంటికి వెళ్లే ముందు ఒక పని చేద్దాం. దగ్గరలోని ఏదైనా పని స్థలానికి వెళ్లి, అక్కడి కూలీ పేరు మస్టర్ రోలులో ఉందో లేదో, ఎన్ని పూటలు రాశారో అతనితో కలిసి చదువుదాం.